ముందు బోర్డు, తరువాతే సరుకు

మా పనికి తెలుగులో సరైన పేరు లేదు. ‘ఏం చేసేవారు మాస్టారూ?’ అని ఎవరైనా అడిగితే, ‘వెబ్‌సైట్లు కట్టడం నేర్పే పాఠాలు తయారుచేసేవాణ్ణి’ అంటాను. ‘అయితే కాలేజీలోనా?’ కాదు. ‘కోచింగ్ సెంటరా?’ కాదు. ‘మరి సర్టిఫికెట్టు ఎవరిస్తారు?’ ఎవరూ ఇవ్వరు. అక్కడితో అడిగినవాడికి నా మీద గౌరవం పోతుంది. నాకు వాడి మీద అప్పటికే పోయి ఉంటుంది.

ఇది వాళ్ల కోసం రాయడం లేదు. రేపు ఇదే పనిలోకి వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. మీకు పైనుంచి అందమైన స్లైడ్లు పంపిస్తారు. వాటిలో అన్నీ ఉంటాయి, మనుషులు తప్ప.

ముందు మాట ఒకటి తేల్చుకుందాం. మేం నేర్పేది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. అంటే దాని లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. దానికి యజమాని లేడు. దేశదేశాల వాళ్లు తలో చెయ్యీ వేసి నిలబెట్టారు. దాన్ని నేర్పే పాఠాలూ అంతే. ఒకరు రాస్తారు, ఇంకొకరు దిద్దుతారు, మరొకరు తన ఊళ్లో క్లాసు పెట్టి ఎక్కడ కాలు జారిందో చెబుతారు. ఆ మరొకరు నేనే. కాలు జారడం గురించి నాకు తెలిసినంతగా స్లైడ్లు రాసేవాళ్లకు తెలియదు.

బ్రష్షు దగ్గర్నుంచి

నేను బోర్డులు రాసేవాణ్ణి. చోడవరం మెయిన్ రోడ్డులో ఒకప్పుడు ఎటు తల తిప్పినా నా చేతిరాతే కనబడేది. ఎరువుల కొట్టు, మందుల షాపు, టైలరు, సైకిలు షాపు, అన్నిటికీ నేనే రాశాను. పదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు అక్షరాలు నాకు ముందు గీయడం వచ్చింది, చదవడం తరువాత వచ్చింది.

ఫ్లెక్సు వచ్చి మా పొట్ట కొట్టింది. ఆరు నెలలకు వెలిసిపోయే గుడ్డ మీద యజమాని బొమ్మ షాపు పేరుకన్నా పెద్దది వేయించుకునే కాలం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. కానీ కోపంతో అన్నం ఉడకదు కదా, ఆ ఫ్లెక్సు షాపులోనే కంప్యూటరు ముందు కూర్చున్నాను. అక్షరాలు పేర్చడం నుంచి పేజీలు కట్టడానికి, పేజీలు కట్టడం నుంచి వెబ్‌సైట్లకు వచ్చాను. ఎవరూ నేర్పలేదు. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఆ సాఫ్ట్‌వేరు సహాయపు పేజీలు ఒక్కొక్క వాక్యం తవ్వుకుంటూ చదివాను.

అలా చదువుతుంటే ఒక పాఠంలో తప్పు కనబడింది. స్క్రీను మీద ఎడమ పక్కన ఉన్న మెనూని కుడి పక్కన ఉందని రాశారు. కింద ‘ఈ పాఠాన్ని మెరుగుపరచండి’ అని ఉంది. మనల్ని కాదులే అనుకున్నాను. రెండు రోజులు మనసు ఊరుకోలేదు. వచ్చిన ఇంగ్లీషులో రాసి పంపాను. వారం తిరిగేసరికి పాఠం మారింది, కింద నా పేరు కూడా చేరింది. ఊళ్లో ఇన్ని బోర్డులు రాశాను, ఒక్కదాని మూలన నా పేరు రాసుకోనిచ్చిన యజమాని లేడు. ముఖం తెలియనివాళ్లు, అడక్కుండానే, నా పేరు పెట్టారు. ఈ పనిలో నేను అంటుకుపోవడానికి కారణం అదే. పెద్ద ఆదర్శమేమీ లేదు.

ఆ కొట్టు ఎవరిది?

మొదట్లో ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులోకి మారిస్తే చాలనుకున్నాం. మేం అంటే నేనూ, భవానీ. భవాని చోడవరంలోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ల్యాబు చూసుకునేది. నా కూతురి వయసు ఉంటుంది. నాతో వాదించడానికి భయపడని మనిషి ఊళ్లో ఈమె ఒక్కతే.

ఆ పాఠంలో ఉదాహరణకు ఒక బ్రెడ్డు కొట్టు ఉంది. మంచు కురిసే ఊరు. కొట్టు ఎప్పుడు తెరుస్తారు, ఏ రకం బ్రెడ్డు దొరుకుతుంది, ఇవన్నీ పేజీలో పెట్టాలి. క్లాసులో గోవాడ నుంచి వచ్చిన ఒకాయన ఓపిగ్గా అంతా చేసి, చివర్లో చెయ్యెత్తాడు.

“మాస్టారూ, అంతా బాగానే ఉంది గానీ, ఈ కొట్టు ఎవులిది?”

“ఎవరిదీ కాదు బాబూ. ఊరికే నేర్చుకోడానికి.”

“ఎవులిదీ కాని కొట్టుకి పొద్దున్నుంచీ నా సేత సాకిరీ సేయించేరేటి?”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆయన అన్నది న్యాయం. ఆ తరువాత మా పాఠాల్లో ఉదాహరణలు ఉండవు. వచ్చినవాళ్ల సొంత పనే పాఠం. టైలరైతే టైలరు పేజీ, ఆటో నడిపేవాడైతే ఆటో పేజీ. పాఠం రాసేటప్పుడు ‘వీళ్లకు ఏం చెప్పాలి?’ అని మొదలుపెట్టకండి. ‘ఇంటికి వెళ్లేటప్పుడు వీళ్ల చేతిలో ఏం ఉండాలి?’ అని మొదలుపెట్టండి. ఈ ఒక్క మాటా పట్టుకుంటే మిగతా ప్రణాళిక దానంతట అదే వెనక వస్తుంది.

ప్రసాదరావు గారు

మాకు కంప్యూటర్లూ, గది అద్దే, ఇంటర్నెట్టూ విశాఖపట్నంలోని ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చేది. దాని తరఫున మమ్మల్ని చూసే పెద్ద ప్రసాదరావు గారు. ఇంజనీరింగు కాలేజీలో చెప్పి మానేసిన మనిషి. మంచివాడు. మంచివాళ్లతోనే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుంటాం.

ఆయన ఆఫీసులో కూర్చుని క్లాసు తేదీ వేసేవారు. మొదటి ఏడు గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగు జోరుగా నడుస్తున్న రోజుల్లో వేశారు. చెరకు నరకమని ఆర్డరు వచ్చాక రైతుకు తల్లీ గుర్తుండదు, తండ్రీ గుర్తుండడు, బండి గుర్తుంటుంది. గదిలో కుర్చీలు, నేను, భవాని, ఆయన. ఇంకెవరూ లేరు. బయట రోడ్డు మీద మాత్రం చెరకు బళ్లు బారులు తీరి వెళుతున్నాయి.

“వాట్సాప్‌లో అందరూ ఎస్ అన్నారు కదా మాస్టారూ?” అన్నారాయన, నమ్మలేక.

“వస్తామన్నారండి. ఏ రోజున వస్తామన్నారో మీరు అడగలేదు.”

ఆయన కిటికీలోంచి ఆ బళ్లు చూశారు. మళ్లీ ఎప్పుడూ ఆ రోజుల్లో తేదీ వేయలేదు. తప్పు చూపిస్తే దిద్దుకునే పెద్ద దొరకడం అదృష్టం, అది ఒప్పుకోవాలి. కానీ ఆయన పైన ఇంకా పెద్దలుండేవారు, వాళ్లకు ఫలితం కావాలి. ఫలితం అంటే వాళ్ల లెక్కలో ఒకటే. క్లాసు అయ్యేసరికి వచ్చినవాళ్ల సైట్లు లోకానికి కనబడాలి.

వరసగా రెండు ఆదివారాలు క్లాసు జరిగింది. గది నిండింది. ఒక్క సైటు కూడా తెరుచుకోలేదు.

ప్రసాదరావు గారు ఫోను చేశారు. గొంతు మెత్తగా ఉంది. మెత్తగా ఉంటేనే నాకు భయం.

“మాస్టారూ, నేను చెప్పగలిగినంత చెప్పేను. వచ్చే ఆదివారం కూడా ఇలాగే అయితే చోడవరం సెంటరు మూసీమంటున్నారు. కంప్యూటర్లు వైజాగు తీసుకుపోతాం. తెలుగు పాఠాల పని ఆపేసి, ఇంగ్లీషు వీడియోలు చూపిస్తే చాలంటున్నారు.”

“ఇంగ్లీషు వీడియోలు సూసి సైటు తెరిసే బటన్ నొక్కుతారా?”

“నాకు తెలీదు మాస్టారూ. తెలుగులో చెప్పినా నొక్కలేదు కదా.”

ఆ గదిలో మేం కట్టిన పాఠాలు తెలుగులో మరెక్కడా లేవు. గది పోతే వాటిని పరీక్షించే క్లాసు పోతుంది. క్లాసు లేని పాఠం వండని కూర.

నీలం బటన్

మీరు ఆ సాఫ్ట్‌వేరు చూడకపోతే ఈ సంగతి తెలియాలి. పేజీ రాస్తున్నంతసేపూ అది డ్రాఫ్టు, అంటే చిత్తు. రాసినవాడికి తప్ప ఎవరికీ కనబడదు. పై మూలన నీలం రంగు బటన్ మీద ‘పబ్లిష్’ అని ఉంటుంది. అది నొక్కితే పేజీ లోకానికి తెరుచుకుంటుంది. ఒకసారి తెరుచుకున్నాక ఆ బటన్ మీద మాట ‘అప్‌డేట్’గా మారుతుంది. ఆ తరువాత ఎన్ని మార్పులు చేసినా దాన్ని నొక్కుతూ పోవడమే.

మా పాఠంలో పబ్లిష్ చివరి మెట్టు. లోకంలో ఏ పాఠంలో చూసినా అంతే. ముందు పేరు, రంగులు, ఫొటోలు, మెనూ, అన్నీ చక్కగా సర్దుకుని, సాయంత్రం అందరూ ఒక్కసారి పబ్లిష్ నొక్కి చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లాలి. కాగితం మీద ఎంత బాగుంటుందో. రెండు ఆదివారాలూ సరిగ్గా అక్కడే ఆగిపోయింది. ‘ఇప్పుడు పబ్లిష్ నొక్కండి’ అన్నాను. అందరూ తలలు ఊపారు. అందరి వేళ్లూ కదిలాయి. చప్పట్లు కూడా కొట్టారు. తీరా చూస్తే అన్నీ డ్రాఫ్టులే.

నెట్టు చూశాం, బాగుంది. బటన్ చిన్నదిగా కనబడుతోందేమోనని స్క్రీను పెద్దది చేసి చూశాం. రెండో ఆదివారం ప్రొజెక్టరు మీద ఆ బటన్ చుట్టూ ఎర్ర గుండ్రం గీశాను. అయినా లేదు. ‘మన జనానికి ధైర్యం లేదు. ఏదైనా పాడైపోతాదని భయం’ అని నేను భవానితో అన్నాను, అనకూడని మాటలు ఇంకొన్ని కూడా అన్నాను.

“మీరు ఎవరినైనా అడిగేరా మాస్టారూ?” అంది భవాని.

“ఏటని?”

“ఎందుకు నొక్కలేదని.”

నేర్పేవాళ్లం ఎర్ర గుండ్రాలు గీస్తాం, స్క్రీన్లు పెంచుతాం. అడగడం మాత్రం చిట్టచివర గుర్తొస్తుంది.

బుచ్చయ్యపేటలో

రమణమ్మ బుచ్చయ్యపేటలో చెరకు మొక్కల నర్సరీ నడుపుతుంది. చెరకు కన్నులు కోసి, ట్రేలలో మొలిపించి, రైతులకు ఇస్తుంది. క్లాసులో అందరికన్నా ముందు పేజీ పూర్తి చేసింది ఆమే. అందుకే ఆమె దగ్గరికి వెళ్లాం. నీడకు కట్టిన షేడ్ నెట్టు కింద నీళ్లు చల్లుతూ ఉంది.

“ఏటి, ఇద్దరూ కట్టగట్టుకుని వచ్చేరు? నా సైటు పీకీడానికేటి?”

“పీకడానికి అది ఉండాలి కదమ్మా,” అన్నాను. “పబ్లిష్ నొక్కలేదేటి నువ్వు?”

“నొక్కుతాను బాబూ. నొక్కనన్నానేటి?”

“మరెప్పుడు?”

“మంచి గడియ సూసుకుని. లచ్చివారం పొద్దున్న నొక్కుదారనుకున్నాను. తీరా సూస్తే ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్లో తెరుద్దారంటే పాస్‌వర్డ్ గుర్తు రాలేదు. మా కూతురు గుంటని అడిగితే అది నవ్వింది. అలాగుండిపోనాది.”

“క్లాసులోనే నొక్కీవలిసింది కదా!”

రమణమ్మ నీళ్ల పైపు కింద పడేసి నన్ను ఎగాదిగా చూసింది. “ఆదోరం సాయంత్రం నొక్కమన్నారు మీరు. అయిదు గంటల ఏళ. రాహుకాలం కాదేటది?”

పక్కన భవాని కొంగుతో నోరు మూసుకుంది. ఆదివారం నాలుగున్నర దాటితే ఆరు దాకా రాహుకాలమని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ రెండు సంగతులు నా బుర్రలో వేరే వేరే గదుల్లో ఉన్నాయి.

“ఆ మాట క్లాసులో సెప్పకూడదేటమ్మా?”

“సెప్పడానికేటుంది బాబూ? వానొస్తే గొడుగెయ్యమని ఎవులైనా సెప్తారేటి? మీరు పెద్దోరు, మీకు తెలీదనుకుంతామా? ఆ వైజాగాయన ఎనకాల కూకున్నాడు కదా, ఆయన ముందు మాటకి నొక్కమంతన్నారనుకున్నాం. అందరం ఒకలినొకలు సూసుకుని ఆ పక్కనున్న బటను నొక్కీసేం. ‘సేవ్’ అని ఉంటాది సూడండి, అది. మళ్లీ మీరు సప్పట్లు కొట్టమన్నారు. పెద్దాయన ముచ్చట పడతన్నాడు కదాని కొట్టేం.”

అంటే రెండు ఆదివారాలు వాళ్లు నాకు పాఠం అప్పజెప్పలేదు. నన్ను గౌరవించారు. అంతకన్నా ఇబ్బందైన సంగతి ఇంకోటి ఉండదు.

ఆటోలో తగువు

తిరుగు ఆటోలో నాకు కోపం వచ్చింది. నాకు ఈ గడియల మీద నమ్మకం లేదు, ఏనాడూ లేదు. పంచాంగం పక్కన పెట్టి బతికినవాణ్ణి.

“పాఠానికి పంచాంగం కడతామేటి?” అన్నాను. “రేపొద్దున్న ఎవుడో తుమ్మేడని క్లాసు ఆపీమంతారు.”

“చెరకు నరికే రోజులు చూసి తేదీ మార్చేం కదా,” అంది భవాని.

“అది పని.”

“ఆఖరి బస్సు టైము చూసి క్లాసు ముందే ముగిస్తన్నాం కదా.”

“అదీ పనే. ఇది మూఢనమ్మకం.”

“ఏదైతేనేటి మాస్టారూ, వేలు బటన్ మీదకి రావడం లేదు. మీరు నమ్మమని నేనంటం లేదు. వాళ్లని మానమనడానికి మనకి ఒక్క ఆదివారమే ఉంది. అది రాహువుని వెళ్లగొట్టడానికి వాడతారో, సైట్లు తెరవడానికి వాడతారో మీరే చెప్పండి.”

రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. ఊరు దగ్గర పడుతుంటే ఒక కొత్త షాపు కనబడింది. షట్టరు సగం ఎత్తి ఉంది, లోపల ఖాళీ, పైన బోర్డు మాత్రం కట్టేశారు. దానికి పసుపు బొట్లు, ఒక పూలదండ.

అక్కడ నాకు వెలిగింది. జీవితంలో సగం నేను చేసిన పని ఏమిటి? బోర్డు రాసి, ఆరబెట్టి, యజమాని చెప్పిన గడియకు మోసుకువెళ్లి కట్టడం. ఆ వేళకు షాపులో ఏముండేది? అరలు కూడా బిగించి ఉండేవి కాదు. సున్నం వాసన. ముందు బోర్డు కడతారు, కొబ్బరికాయ కొడతారు. సరుకు మెల్లగా దిగుతుంది. షాపంతా నిండాక బోర్డు కడదామన్న యజమానిని ఒక్కణ్ణి కూడా చూడలేదు. మరి సైటు దగ్గరికి వచ్చేసరికి అన్నీ సర్దాకే తలుపు తెరవాలని ఎవరు చెప్పారు? మంచు కురిసే ఊళ్లోని బ్రెడ్డు కొట్టువాడు చెప్పాడు, మేం విన్నాం.

“భవానీ, పబ్లిష్ మొదటి మెట్టు చేద్దాం,” అన్నాను. “పొద్దున్న పేరొకటి రాయించి తెరిపించీద్దాం. తక్కినదంతా తెరిచిన కొట్లో సర్దుకోవడమే.”

“రాహుకాలం కోసమా?” అంది, నవ్వు దాచుకోకుండా.

“కాదు! పాఠానికి అదే మంచిది కాబట్టి.”

అది కోపంతో అన్నా, నిజమే. అన్నీ అయ్యాక తెరవమంటే మనిషికి అది పరీక్ష. పొద్దున్నే ఖాళీగా తెరిపిస్తే పోగొట్టుకోడానికి అందులో ఏమీ లేదు, కాబట్టి భయమూ లేదు. ఈ ముక్క నాకు పదేళ్ల ముందు తెలిసుంటే ఎన్ని క్లాసులు బతికేవో.

మూడో ఆదివారం

ఆ వారమంతా పాఠం తిరగరాశాం. రమణమ్మకు ఫోను చేసి గడియ అడిగింది భవాని, నేను విననట్టు నటించాను. పొద్దున్న పదింటికి బాగుందట. అందరూ తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చున్నారు. ఎవరో అగరుబత్తి కూడా తెచ్చారు. కంప్యూటర్లకు దూరంగా పెట్టించాను.

“పాత చిత్తులు పక్కన పెట్టి, కొత్త పేజీలో పేరు రాయండి. కింద ఒక్క వాక్యం, మీరేం చేస్తారో రాయండి. ఇంకేం వద్దు. ఇప్పుడు నీలం బటన్.”

ఈసారి వేళ్లను చూశాను. రమణమ్మ కళ్లకద్దుకుని మరీ నొక్కింది. గోవాడ ఆయన నొక్కి, తన ఫోనులో సైటు తెరిచి, అది తన పేరేనా అని పక్కవాడికి చూపించి అడిగాడు. ఒకరి తరువాత ఒకరు. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరి ఫోనులో వాళ్లు తమ పేరు చూసుకుంటున్నారు.

పొద్దుటంతా పేజీల్లో ఏం పెట్టాలో కాగితం మీద రాయించాం. ప్రసాదరావు గారు భోజనాల తరువాత వచ్చారు. వెనక కుర్చీలో కూర్చుని ఒక్కొక్క సైటూ తెరిచి చూశారు. ముఖం విప్పారింది, మళ్లీ ముడుచుకుంది.

“మాస్టారూ, తెరుచుకున్నాయి, సంతోషం. కానీ వీటిలో ఏమీ లేదు. పేరూ, ఒక లైనూ. ఇది చూపిస్తే పైవాళ్లు ఖాళీ సైట్లంటారు. ఇది ఔట్‌కమ్ కింద ఒప్పుకోరు.”

నా నోటి దాకా వచ్చిన మాట వచ్చేస్తే సెంటరు ఆ క్షణమే మూతబడేది. నాకన్నా ముందు రమణమ్మ అందుకుంది.

“బాబూ, కొట్టు తెరిసిన పూటే సరుకంతా ఉంటాదేటి? కొబ్బరికాయ కొట్టేం. ఇప్పుడు దించుతన్నాం. తొందరైతే ఎల్లండి, లేకపోతే కూకుని సూడండి.”

ఆయన కూర్చున్నారు. గడియారం నాలుగున్నర దాటింది. నేను వాళ్ల వేళ్లనే చూస్తున్నాను. ఎవరూ ఆగలేదు. రమణమ్మ మొక్కల ట్రేల ఫొటోలు ఎక్కించి అప్‌డేట్ నొక్కింది. ఏ రకం చెరకు దొరుకుతుందో రాసి మళ్లీ నొక్కింది. టైలరు తను కుట్టిన జాకెట్ల ఫొటోలు పెట్టింది. ఆటో ఆయన ఏయే ఊళ్లకు వెళతాడో రాశాడు.

“ఇప్పుడు రాహుకాలం కాదేటమ్మా?” అన్నాను, ఉండబట్టలేక.

“పొద్దున్నే మొదలెట్టిన పనికి రాహువేటి సేస్తాడు మాస్టారూ? ఆయనకి కొత్త పనంటేనే పడదు.”

ప్రసాదరావు గారు తల ఎత్తి, “రాహుకాలం ఏమిటి?” అన్నారు. భవాని మొత్తం చెప్పింది. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చేతిలో ఫోను పక్కన పెట్టారు.

“మా అమ్మ ఆదివారం సాయంత్రం కొత్త బట్ట కూడా విప్పనివ్వదు,” అన్నారు. “నేను ఆ ఇంట్లోనే ఉంటన్నాను మాస్టారూ. నాకు తట్టనే లేదు.”

చీకటి పడకముందు ఆఖరి బస్సుకు అందరూ లేచారు. ఆయన ఫోనులో ఒక్కొక్క సైటూ మళ్లీ తెరిచి పైవాళ్లకు పంపారు. కంప్యూటర్లు ఆ గదిలోంచి కదల్లేదు.

పాఠం కింద రాసిన మాట

మా మార్పుని మిగతా ఊళ్ల వాళ్లకు కూడా పంపాలి కదా. ప్రతి పాఠం కింద నేర్పేవారి కోసం ఒక సూచన రాసే చోటు ఉంటుంది. అక్కడ ‘పబ్లిష్ ముందు చేయించండి, భయం తగ్గుతుంది’ అని రాసి ఊరుకుందామన్నాను. అది అబద్ధం కాదు కదా.

“సగం నిజం,” అంది భవాని. “మనం దేని వల్ల మార్చేమో అదే రాయాలి.”

“లోకమంతా సూసి నవ్వుతాది.”

“నవ్వనీండి. నవ్వినోళ్ల క్లాసులో ఎవరు నొక్కడం లేదో వాళ్లు వెళ్లి చూసుకుంటారు.”

ఆమె చెప్పినట్టే రాశాం. ‘మా ఊళ్లో ఆదివారం సాయంత్రం కొత్త పని మొదలుపెట్టరు. మీ ఊళ్లో ఏ వేళ మొదలుపెట్టరో ముందే అడగండి. అడగకపోతే వాళ్లు చెప్పరు.’ ఎవరూ నవ్వలేదు. ఎక్కడో సముద్రాల అవతల క్లాసులు పెట్టే ఒకావిడ కింద రాసింది: మా దగ్గర శుక్రవారం పడవ కట్టు విప్పరు, నేను శుక్రవారాలే క్లాసు పెడుతున్నాను, ఇప్పుడు అర్థమైంది అని. ఈ వృత్తిలో నాకు దొరికిన పెద్ద బహుమతి ఆ నాలుగు మాటలే.

కాబట్టి పిల్లలూ, మీ పాఠంలో తప్పు ఎక్కడుందో స్క్రీను మీద వెతకకండి. తల ఊపినవాడికి అర్థమైందనుకోకండి, నొక్కనివాడికి అర్థం కాలేదనుకోకండి. మీకు నమ్మకం లేని సంగతిని లెక్కలోకి తీసుకుంటే మీ నమ్మకానికేమీ లోటు రాదు. నాకు రాలేదు. ఇప్పటికీ ఆ గడియలంటే నాకు ఒళ్లు మండుతుంది.

నా సొంత బోర్డు

కళ్లు సహకరించక ఈ మధ్యనే క్లాసు పూర్తిగా భవానికి అప్పజెప్పాను. ఇన్నేళ్లు అందరి చేతా సైట్లు తెరిపించాను గానీ, నాకంటూ ఒక పేజీ లేదు. భవానే నా పేరు మీద ఒకటి ఏర్పాటు చేసి, ‘మీ అనుభవాలు రాయండి మాస్టారూ’ అంది. మీరు చదువుతున్నది అందులో పెట్టడానికి విడిగా రాసుకున్నదే.

పై మాట దాకా రాయడం పూర్తయ్యాక ఒక నిర్ణయం చేసుకున్నాను; ఈ ముక్క తరువాత చేర్చినది. దీన్ని ఆదివారం సాయంత్రం అయిదింటికి, క్లాసు గదిలో, అందరి ముందు తెరుస్తాను. ఊరంతా చూడాలి, నాకేమీ కాదని. సంగతి ముందే చెప్పాను. రమణమ్మ బుచ్చయ్యపేట నుంచి వచ్చింది. ప్రసాదరావు గారు కూడా వచ్చారు. అందరి మొహాల్లోనూ ఏదో నవ్వు ఉంది. నా మొండితనానికి నవ్వుతున్నారనుకున్నాను.

కళ్లద్దాలు తుడుచుకుని, పేజీ తెరిచి, రాసుకున్నదంతా అందులో పెట్టి, పై మూలన నీలం బటన్ మీదకి మౌసు తీసుకువెళ్లాను.

దాని మీద ‘అప్‌డేట్’ అని ఉంది.

వెనక్కి తిరిగి చూశాను. భవాని కిటికీలోంచి బయటకు చూస్తోంది. రమణమ్మ మాత్రం దాచలేదు.

“పొద్దున్న పదింటికే మీ పేరొకటి రాసి తెరిసీసేం మాస్టారూ. ఇప్పుడు మీ ఇష్టమొచ్చినంత సరుకు దించుకోండి.”

తిడదామని నోరు తెరిచాను. నొక్కాను.